తుడిచేసిన మాత్రలు

ఎయిర్‌పోర్టు తెరిచిన ఏడాది నుంచి గగన్‌పహాడ్ ఊరి దుర్గవ్వ అక్కడ నేల తుడుస్తోంది. ఈ అయిదేళ్లలో ఆమె వంతు హాల్లో మరక చూశానన్న సూపర్‌వైజరు లేడు. ఎవరి కాఫీ ఒలికినా, ఒలకబోసినవాళ్లు తల తిప్పి చూసేలోపే అక్కడ నేల అద్దంలా ఉండేది. ఆ అలవాటే ఒకనాడు మొగుడు అనంతయ్య ప్రాణం మీదికి తెచ్చింది.

ఆ పొద్దున అనంతయ్య ఛాతీ పట్టుకుని వాకిట్లోనే కూలబడ్డాడు. ఆటోలో వేసుకుని దవాఖానకు చేర్చింది. గుండె రక్తనాళం మూసుకుపోయింది, వెంటనే స్టెంటు వేయాలన్నారు. నొప్పికి మార్ఫిన్ ఇంజెక్షను పొడిచి, రక్తం గడ్డకట్టకుండా నాలుగు మాత్రలు మింగించారు. నర్సు అవతలి మంచం దగ్గరికి వెళ్లిన కాసేపటికి అనంతయ్య భళ్లున కక్కేశాడు. పక్కవాళ్లు ముక్కు మూసుకోకముందే దుర్గవ్వ కొంగుతో అంతా ఎత్తి, నేల తుడిచి, కొంగు కడిగేసుకుంది. ఊరోళ్లకు శుభ్రం తెలియదని ఒకరితో అనిపించుకునే మనిషి కాదు.

స్టెంటు గది తలుపు దగ్గర డాక్టరు రత్నమాల ఆగింది.

"మాత్రలు వేశారా?"

"మింగించినం మేడం" అంది నర్సు.

"ఆ మాత్రలే ముఖ్యమమ్మా" అంది డాక్టరు దుర్గవ్వ వైపు తిరిగి. "అవి రక్తంలో కలవకపోతే స్టెంటులోనే గడ్డ కడుతుంది. మనిషి దక్కడం కష్టం."

స్ట్రెచరు లోపలికి పోయింది. తలుపు మూసుకుంది. దుర్గవ్వ కడిగేసిన కొంగు వంక చూసుకుంది. చెబితే బుద్ధిలేనిదంటారు. దాచిపెట్టిందంటారు. అననీ. తలుపు తోసింది.

"లోపలికి రాకూడదమ్మా" అంది డాక్టరు.

"రాను. జర ఇనుండ్రి మేడం. గా మాత్రలు ఆయన కడుపుల లెవ్వు. కక్కిండు. నేనే కడిగేసిన."

"మింగిన ఎంతసేపటికి?"

"పావుగంట గూడ కాలే. రెండు కరగనే లేదు, తెల్లగ గట్లనే కనవడ్డయి."

"అప్పుడే చెప్పాలె గదక్కా. నోరు లేదా?" అంది నర్సు.

"ఉంది. గిప్పుడు తెరిచిన. నువ్వు ముందు మందు సంగతి సూడు."

డాక్టరు అప్పటికే చేతులాపింది. "మళ్లీ మింగించినా వెంటనే పనిచేయవు. నొప్పి ఇంజెక్షనుకు కడుపు మందగించి ఉంటుంది, మాత్ర అక్కడే కూర్చుంటుంది. నరంలోకి ఇచ్చే మందు ఎక్కించండి" అని నర్సుకు చెప్పి తలుపు వేసింది.

దుర్గవ్వ కుర్చీలో కూర్చోలేదు. తడికొంగు కాళ్లకు చుట్టుకుంటున్నా పిండలేదు. లోపల గిన్నె చప్పుడైనప్పుడల్లా తలుపు దగ్గరికి పోయింది. గంట దాటాక రత్నమాల బయటికి వచ్చింది.

"గుండెకు రక్తం బాగా పారుతోందమ్మా. మీరు చెప్పకపోయి ఉంటే..."

"చెప్పిన గద మేడం" అంది దుర్గవ్వ. "ఇగ ఆయనను సూడనియ్యుండ్రి."