మావయ్య పాడిన ఇస్పేటు

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరి మాటలూ పూర్తయ్యేవి, ఒక్క మా పెద్దమావయ్యవి తప్ప. ఆయనకి నత్తి. "అ... అ..." అనగానే అమ్మమ్మ కంచం పెట్టేసేది. "మ... మ..." అంటే నేను మంచినీళ్ల చెంబు పట్టుకుని పరిగెత్తేదాన్ని. ఇంటిల్లిపాదీ ఆయన నోట్లో మాట లాక్కుని మేమే చెప్పేసేవాళ్లం, అదేదో పెద్ద ప్రేమ అనుకునేవాళ్లం. ఒక్కోసారి ఆయన అడగబోయింది అన్నం కాదు, అద్దం. అయినా పెట్టిన అన్నం తినేసి, తల దువ్వుకోకుండానే పనికి వెళ్లిపోయేవాడు.

నౌపడ ఉప్పు మడుల్లో కూలీల పని చూసేవాడు మావయ్య. ఆదివారం వచ్చిందంటే ఇస్త్రీ చొక్కా వేసుకుని స్టేషను వెనక పెంకుటింట్లో ఉన్న క్లబ్బుకి పోయేవాడు. అక్కడ బ్రిడ్జి ఆడేవారు. మా అమ్మమ్మకి అన్ని పేకాటలూ ఒక్కటే, అన్నింటినీ కలిపి తిట్టేది. మావయ్యకి మాత్రం ఆ ఆట ప్రాణం. ఎందుకో నాకు చాలా ఏళ్లకి గాని తెలియలేదు. ఆ బల్ల దగ్గర ఎవడైనా సరే పలకాల్సిన మాటలు చాలా తక్కువ. ఒకటి నుంచి ఏడు దాకా అంకెలు, నాలుగు రంగుల పేర్లు, పాస్, ఇంకో రెండు మూడు మాటలు. అంతే. ఆ కాసిని మాటలతో ఆయన డాక్టరుకీ ప్లీడరుకీ సమానంగా కూచోగలిగేవాడు.

తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పాలి. ఎదురెదురుగా కూచున్న ఇద్దరూ ఒక జట్టు. ఆటకి ముందు వేలంపాట ఉంటుంది. ఏ రంగు తురుపుగా పెట్టుకుని, నలుగురూ తలో ముక్కా వేసే పదమూడు పట్లలో ఎన్ని గెలుస్తామో వరసగా పాడాలి. లెక్క ఆరు పట్ల పైనుంచి మొదలు. అంటే నాలుగు అని పాడితే పది పట్లు పట్టాలి, పట్టినవాళ్లకి మార్కులు బాగా వస్తాయి, ఒక్కటి తగ్గినా పోతాయి. అవతలి జట్టు ముందు పాడాక మనవాడు మధ్యలో దూరి ఇంకో రంగు పాడితే దాన్ని ఓవర్‌కాల్ అంటారు. దానికి జవాబు చెప్పాల్సింది ఎదురుగా కూచున్న పార్ట్‌నరు. నోటితో పాడిన పాట తప్ప కన్నూ, చెయ్యీ, గొంతూ ఏమీ చెప్పకూడదు. చెబితే మోసం.

అక్కడే వచ్చింది చిక్కు. మావయ్య పార్ట్‌నరు పోస్టుమాస్టారికి బదిలీ అయింది. ఆ వారమే టెక్కలి ప్లీడరు గారు క్లబ్బులో అందరి ముందూ అన్నాడట. "మంచి ముక్కలొస్తే ఈయన నత్తి పెరుగుతాది, సెత్త ముక్కలొస్తే తగ్గుతాది. అది నత్తి కాదండీ, సైగ." ఆ ఒక్క మాటతో మావయ్య ఎదురుగా కూచోడానికి ఒక్కడూ ముందుకి రాలేదు. క్లబ్బుకి పెద్ద, డాక్టరు గారే. ఆయన మధ్యేమార్గంగా, వచ్చే ఆదివారం పార్ట్‌నరుని తెచ్చుకుని తనతో, ప్లీడరుతో ఆడమన్నాడు. సైగ ఉన్నట్టు తేలితే మావయ్య ఇక క్లబ్బు గడప తొక్కకూడదు.

మావయ్య నన్ను తీసుకెళ్లాడు. నాకు పన్నెండేళ్లు. వానాకాలం మడుల్లో పని లేనప్పుడు ఇంట్లో కూచుని, ముక్కలు పరిచి చూపిస్తూ నాకు ఆట నేర్పింది ఆయనే. పరికిణీ వేసుకున్న పిల్లని చూసి ప్లీడరు కిసుక్కున నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. ఆ మంటలో సగం భయం కూడా ఉంది.

మొదటి ఆటలు ఎలాగో గడిచాయి. తరవాత ఒక ఆటలో డాక్టరు గారు "ఒకటి ఆఠీను" పాడాడు. మావయ్య మెడ నరాలు బిగుసుకున్నాయి. "ఒ... ఒకటి... ఇ... ఇ..." ఆయన పెదాలు కొట్టుకుంటున్నాయి. నేను తట్టుకోలేకపోయాను. ఇంట్లో రోజూ చేసే పనే చేశాను.

"ఇస్పేటు!" అనేశాను.

ప్లీడరు కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు. "సూశారా డాక్టరు గారూ? ఈయన పాట ఆ పిల్లకి ముందే తెలుసు!"

డాక్టరు గారు కళ్లజోడు తీసి తుడుచుకుని, ఇది మొదటి తప్పు, ఇంకోటి జరిగితే ఆట ముగిసినట్టే అన్నాడు. నాకు ముక్కలు సరిగ్గా కనిపించడం మానేశాయి. నా చేతిలో మూడు ఇస్పేట్లున్నాయి, ఒక ఆసు, ఇద్దరు రాజులు ఉన్నారు. మావయ్య పాటని పెంచి తీరాలి. పెంచితే నత్తి విని పెంచానంటారు. "పాస్" అన్నాను. మావయ్య ఒకటి ఇస్పేటే ఆడి, నిక్షేపంగా పది పట్లు పట్టాడు. నాలుగు పాడి ఉంటే మార్కుల పంట. నేనే కొంప ముంచాను.

సోడాల కోసం ఆట ఆపినప్పుడు మావయ్య నన్ను అరుగు మీదకి తీసుకెళ్లాడు. తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. ఆయన నా పక్కన గొంతుక్కూచుని మాట్లాడడం మొదలుపెట్టాడు. చాలా సేపు పట్టింది. ఎన్నోసార్లు నా నాలుక చివరిదాకా ఆయన మాట వచ్చింది, మింగేశాను. ఆ నత్తంతా రాయను గాని ఆయనన్నది ఇది.

"ఒలే గుంటా, నానెంత సేపు నత్తి కొట్టినానో నీకెందుకే? నానేటి పాడినానో అది ఇను. అవతలోళ్ల మద్దెలో దూరి ఇస్పేటు అన్నానంటే నాకాడ అయిదు ముక్కలున్నాయన్నమాట. నీకాడ మూడుంటే నన్నొగ్గీకు. నీ ముక్కలు సూసుకో, జవాబు సెప్పు. నా గొంతుకి కాదు, నా మాటకి సెప్పు."

పుట్టి బుద్ధెరిగాక ఆయన నోట అంత పొడుగు మాట వినడం అదే మొదలు. నాకు సిగ్గేసింది. ఆట గురించి కాదు.

చివరి ఆట దాకా రెండు జట్లూ దగ్గర దగ్గరగానే ఉన్నాం. మళ్లీ డాక్టరు గారిదే మొదటి పాట, మళ్లీ ఆఠీనే. మావయ్య నోరు తెరిచాడు. ఆ రోజంతట్లోకీ అంత ఘోరంగా నత్తి ఎప్పుడూ రాలేదు. ఆయన నుదుటి మీంచి చెమట కారి బల్ల మీద పడుతోంది. ప్లీడరు ఆయన్ని చూడడం మానేసి నా మొహంలోకే చూస్తున్నాడు. నేను కింది పెదవి పళ్లతో నొక్కి పట్టి ముక్కల్లోకి తల దించాను. ఎంత సేపైందో దేవుడికెరుక.

"...ఇస్పేటు" అన్నాడు మావయ్య.

ప్లీడరు పాస్ అన్నాడు. ఇక నేనే. నాలుగు ఇస్పేట్లు, ఒంటి ఆఠీను, కళావరు ఆసు, డైమను రాజు. రెండు పాడి ఊరుకుంటే ఎవరూ ఏమీ అనరు. కానీ నా ముక్కలు రెండు అనడం లేదు, నాలుగంటున్నాయి.

"నాలుగు ఇస్పేట్లు."

ప్లీడరు బల్ల గుద్దాడు. "అంత నత్తి ఇన్నాక నాలుగనకేటంటాది! సైగ కాకపోతే ఇదేటండీ?" డాక్టరు గారు చెయ్యెత్తి, ముందు ఆట పూర్తి కానివ్వమన్నాడు.

ఆడేది మావయ్య కాబట్టి పద్ధతి ప్రకారం నా ముక్కలు బల్ల మీద పరిచాను. మావయ్య ఒక్కో పట్టూ ఆచితూచి ఆడాడు. నేను వేళ్లు ముడుచుకుంటూ లెక్కపెట్టాను. తొమ్మిది వచ్చాయి. పదోది రాలేదు. ఆటా పోయింది, పోటీ పోయింది. నేను బల్లకి తల ఆనించి ఏడ్చేశాను. నేను రెండు దగ్గరే ఆగి ఉంటే గెలిచేవాళ్లం.

డాక్టరు గారు మాత్రం లేవలేదు. మావయ్య ఆడిన ముక్కలన్నీ ఏరి వరసగా పేర్చాడు. ఐదు ఇస్పేట్లు, ఒక్క ఆసు, మిగతావన్నీ చిల్లర ముక్కలు. ఓవర్‌కాల్‌కి బొటాబొటీగా సరిపోయే చెయ్యి.

"ఇదిగో ప్లీడరు గారూ, అందరికంటే పెద్ద నత్తి వచ్చింది ఈ సేతికి. ఇందులో ఏటుందని? సైగే ఉంటే ఈ పిల్ల రెండు దగ్గర ఆగిపోయేది. తన ముక్కలు సూసుకుని పాడింది, మునిగింది. దాని ముక్కలు నా సేతిలో ఉంటే నానూ నాలుగే పాడుదును."

ప్లీడరు ఆ ముక్కల్ని ఒక్కొక్కటీ తిప్పి చూశాడు. వాటిని కట్టలో కలిపేసి, "సరేలెండి. ఆదివారం కలుద్దాం" అన్నాడు మావయ్యతో. క్షమాపణ లాంటిదేమీ చెప్పలేదు, మహానుభావుడు. మావయ్య మాత్రం నా వీపు మీద ఒక్కటి చరిచి పడీపడీ నవ్వాడు. ఓడిపోయి అంతలా నవ్విన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

పెద్దయ్యాక స్టేషన్లో టిక్కెట్ల కిటికీ దగ్గర ఉద్యోగం చేశాను. నా నోటి దురుసు ఎరిగినవాళ్లు నమ్మరు గాని, ఆ కిటికీ దగ్గర నా అంత ఓపిక ఎవరికీ లేదు. నత్తి ఉన్నవాళ్లు, కొత్తవాళ్లు, చదువు రాని ముసలమ్మలు వచ్చి తడబడేవారు. వెనకవాళ్లు గోల పెట్టేవారు. ఏ ఊరో నాకు మొదటి అక్షరానికే తెలిసిపోయేది. అయినా బండి కూత వేస్తున్నా సరే, తన ఊరి పేరు తన నోటితో పూర్తిగా పలికేదాకా నేను ఎవరికీ టిక్కెట్టు కొట్టలేదు.