రెండు చిల్లుల గారె, తిరగబడ్డ జడ

నాంపల్లికి రైల్లో వెళ్లేవాళ్లకు ముందే ఒక మాట. స్టేషన్ నుంచి అబిడ్స్‌కు ఆటో ఎక్కకండి, హాయిగా నడిచిపోవచ్చు. నేనూ మా ఆవిడ ఎస్తేరూ అలాగే వెళ్లాం. ఉపన్యాసానికి ఇంకా ప్లాస్టిక్ షీట్లూ ఓవర్‌హెడ్ ప్రొజెక్టరూ వాడే రోజులవి.

హన్మకొండలో లెక్కల లెక్చరరైన ఎస్తేరు చాలా ఏళ్లుగా జడల గణితం మీద పరిశోధన చేస్తోంది. ఆ రోజు అబిడ్స్‌లో ఒక కాలేజీ హాల్లో ఆమె ఉపన్యాసం. అది విన్నాకే థీసిస్ పంపాలో వద్దో చెప్తానన్నారు ఆమె గైడు. సంచీ మోయడానికి నేను.

పొద్దున ఆరింటికి కాజీపేటలో ఎక్కాం. జనగామలో ఎక్కిన ఒక పెద్దావిడ ఎస్తేరు ఒళ్లోని షీట్లలోకి తొంగిచూసింది.

"గివేంది బిడ్డా, జడలా?"

"ఔనమ్మా, జడల లెక్కలు."

"జడకు సుత లెక్కుంటదా? నాకు మూడు పాయలే ఎర్క," అని నవ్విందావిడ.

తొమ్మిదికల్లా నాంపల్లిలో దిగి, నడిచి, అబిడ్స్‌లో ఒక హోటల్లో గారెలు చెప్పాం. ఎస్తేరు ఒక గారె తీసుకుని వేలితో రెండో చిల్లు పొడిచింది.

"ఒక్క చిల్లుంటే కొంచెం తిరకాసుందండీ. రెండుంటే నా లెక్క సాఫీగా నడుస్తది," అంది. "దీని మీద కొన్ని చీమలున్నయనుకోండి. ఒకదాన్నొకటి తగలకుండ తిరిగి, మళ్లా మొదటి చోట్లకే వస్తయి. అవి ఏ క్షణాన ఎక్కడున్నయో ఒకదాని కిందొకటి గీసుకుంటూ పోతే, అదే జడ."

పక్కనే ఉన్న సర్వరు కంగారుపడ్డాడు. "చీమలేం లేవు మేడమ్. గిప్పుడే ఏసిన్రు."

అతన్ని పంపించి ఆమె అసలు సంగతి చెప్పింది. ఒక జడ కింద ఇంకోటి కలిపితే మరో జడ వస్తుంది. ఆ కలయికలేవీ చెడకుండా జడలన్నిటినీ ఒకేసారి మార్చే తీరును సౌష్ఠవం అంటారు. అలాంటివన్నీ ఆ గారె రూపం నుంచే వస్తాయని ఆమె రుజువు.

పదకొండింటికి హాలు నిండింది. ఎస్తేరు మొదటి షీటు పెట్టగానే తెర మీద అక్షరాలన్నీ అద్దంలోలా తిరగబడి కనిపించాయి. వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

ముందు వరసలోంచి గైడు, "తిరగేశావమ్మా, సరిచెయ్యి," అన్నారు.

ఆమె ఒక్క క్షణం తెరవైపు చూసింది. షీటు ముట్టుకోలేదు.

"ఉండనివ్వండి సార్. అక్షరాలు చదవలేం గానీ జడ చూడండి. కుడి ఎడమైంది. ఏ పాయ ఎటు దాటుతుందో అంతా మారింది. అయినా ఒక్క సూత్రం కూడా తప్పలేదు. చదునైన నేల మీద అసలైన సౌష్ఠవం ఇదొక్కటే. రెండు చిల్లులున్న చోట లెక్కలేనన్ని ఉన్నాయి. అవన్నీ ఆ నేల ఇచ్చినవే."

గంటసేపు ఎవరూ నవ్వలేదు. నాకు అర్థమైంది పావువంతే, కానీ అందరికన్నా ముందు చప్పట్లు కొట్టింది నేనే. చివర్లో గైడు లేచి, "ఇంకా ఎందుకు ఆగడం? థీసిస్ పంపించెయ్యమ్మా," అన్నారు.

సుల్తాన్ బజార్‌లో ఆమెకొక చీర కొని సాయంత్రం రైలెక్కాం. కిటికీ పక్కన సీట్లు దొరికాయి.

"ఎంత బాగా ప్లాన్ చేసినవు, షీటు తిరగేసి పెట్టుడు," అన్నాను.

"ప్లానేం లేదండీ," అంది ఎస్తేరు. "చెయ్యి వణికింది."

నాంపల్లిలో, అబిడ్స్‌లో చూడదగ్గవి చాలానే ఉన్నాయంటారు. నేనేమీ చూడలేదు. వణికిన ఆ చేతిని మాత్రం కాజీపేట వచ్చేదాకా వదల్లేదు.