కూలర్ పైపు

మా నాన్న టికెట్ కలెక్టరు. అనుమానపడడమే ఆయన ఉద్యోగం, అదే మా ఇంటి గాలి కూడా. "టికెట్ లేనోడు మనం అడక్కముందే నవ్వుతాడమ్మా" అని నాకు చిన్నప్పుడే నేర్పారు. బళ్ళో చెప్పిన లెక్కలకన్నా ఆ విద్యే నాకు బాగా అబ్బింది. కూరలమ్మేవాడు నవ్వితే చాలు, తక్కెడ వైపు చూసేదాన్ని.

బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లలో స్కూటరుంటేనే గొప్పగా చెప్పుకునే ఎనభైల రోజులవి. బదిలీ మీద వెళ్ళిపోతున్న ఒక బొగ్గు గనుల ఆఫీసరు దగ్గర నాన్న ముసలి అమెరికా కారొకటి కొన్నారు. గేర్లు వాటంతటవే మారతాయట. "అంత మంచిదైతే ఆయనెందుకమ్ముకుంటాడేటి?" అంది అమ్మ. నిజమే, కారు కింద రోజూ ఎర్రటి నూనె మరకలు. తెలిపారా బస్తీ నుంచి కారు మేస్త్రీ వచ్చి, కిందకి తొంగిచూసి, "కూలర్ కా పైప్ గల్ గయా, సాబ్" అన్నాడు. గేరు పెట్టెలో వేడెక్కిన నూనె రబ్బరు గొట్టాల్లోంచి ముందున్న రేడియేటర్‌లోకి వెళ్ళి, చల్లబడి తిరిగొస్తుందట. ఆ గొట్టాలు పాడైపోయాయి.

మా ఊళ్ళో కూలర్ అంటే వేరే అర్థం. ఎండాకాలం ప్రతి కిటికీకీ ఒక రేకు డబ్బా, దానికి గడ్డి, అడుగున నీళ్ళు. కుళాయి నుంచి ఆ నీళ్ళు పట్టడానికి మాకో పైపు ఉండేది. నల్లది, పొడవునా ఆకుపచ్చ చార.

ఒకరోజు పొద్దున్న ఆ పైపు కూలరుకు అందలేదు.

"నిన్నటిదాకా అందినాది, ఇయ్యాల అందదేటి? దానంతటదే కురచైపోద్దేటి?" అంటూ అమ్మ పైపు చివర చూసింది. కత్తితో కోసినట్టుంది. సరిగ్గా అప్పుడే లింగియాడీహ్ బస్తీ నుంచి పనావిడ వచ్చింది. నేను నడక నేర్చిన నాటి నుంచీ మా ఇంట్లో గిన్నెలు తోముతున్న మనిషి. కానీ ఆవిడ భర్త సైకిలు మీద కిరసనాయిలు అమ్ముతాడు. డబ్బాలోంచి నూనె తీయడానికి గొట్టం ముక్క కావాలి కదా! అమ్మకు లెక్క కుదిరిపోయింది. నాకూ కుదిరింది. ఆవిడ ముఖంలోకి చూశాను. ఆవిడ నవ్వలేదు. చీపురు పట్టుకుని అలాగే నిలబడింది.

నవ్వింది నాన్న. పేపరు చాటు నుంచి, ఎవరూ ఏమీ అడక్కుండానే.

"పోనిద్దూ, గొట్టం ముక్కకి గొడవేటి?" అన్నారు.

"ఇయ్యాల గొట్టం, రేపు గొలుసు" అని, రేపట్నుంచి పనిలోకి రావద్దని అమ్మ ఆవిడకు హిందీలో చెప్పేసింది. నాన్న పేజీ తిప్పారు. ఆ నవ్వు నాకు ముల్లులా గుచ్చుకుంది గాని, నాన్నను టికెట్ అడిగే ధైర్యం ఎవరికుంటుంది?

మా లైనులో ఒక ఇంట్లో దొంగంటే అన్ని ఇళ్ళలోనూ దొంగే. పక్క క్వార్టరు పిన్నిగారు తప్ప అందరూ ఆవిణ్ణి మాన్పించేశారు. ఆ పిన్నిగారు కూడా చెంచాలు లెక్కపెట్టుకోవడం మొదలెట్టారు.

ఈలోగా కారు కింద మరకలు ఆగిపోయాయి. "నేనే బాగుచేశాను" అన్నారు నాన్న.

"ఏటెట్టి బాగుచేసేరు?" అంది అమ్మ.

మళ్ళీ ఆ నవ్వే. నాకు ఒళ్ళు మండిపోయింది.

వారం తిరక్కుండానే, కారు గేటు దాటుతుండగా టప్‌మని చప్పుడైంది. వాకిలంతా ఎర్ర నూనె. మేస్త్రీ వచ్చి కింద దూరి, తీగతో కట్టిన గొట్టం ముక్క ఒకటి లాగి బయట పడేశాడు. ఉబ్బిపోయి, పనసతొనలా మెత్తబడి ఉంది. నూనె తుడిస్తే ఆకుపచ్చ చార కనిపించింది.

"అరే సాబ్, యే తో పానీవాలా హై!" అన్నాడు మేస్త్రీ. నీళ్ళ గొట్టం నూనెకు ఆగదట.

పక్కింటి కుళాయి దగ్గర గిన్నెలు తోముతున్న పనావిడ లేచి వచ్చి చూసింది. "ఏ తో తుఁహర్ కూలర్ కే పైప్ ఆయ్" అంది. ఇది మీ కూలరు పైపే కదా అని. గొంతు కూడా పెంచలేదు.

"కూలర్ పైపన్నాడు గదా మరి... ఇంట్లో ఉండగా కొనడమెందుకని..." అన్నారు నాన్న.

కారుతో వచ్చిన పాత గొట్టాల ఇత్తడి మూతులను నాన్న పారేయకపోవడం మంచిదైంది. బొగ్గు గనుల యంత్రాలకు గొట్టాలు కట్టే దుకాణంలో వాటికి నూనెకు తట్టుకునే రబ్బరు నొక్కించి తెచ్చి బిగించాడు మేస్త్రీ. మళ్ళీ చుక్క కారలేదు.

అమ్మ మాత్రం ఆ సాయంత్రమే లైనులో ప్రతి గుమ్మం ఎక్కి, దొంగ మా ఇంట్లోనే ఉన్నాడని చెప్పి వచ్చింది. మర్నాడు పనావిడ పక్కింటికి వచ్చే వేళకి, "మీరే పిలవండి" అని నాన్నను గేటు దగ్గరికి తోసింది. తప్పయిపోయింది, పనిలోకి రమ్మని నాన్న హిందీలో అడిగారు.

ఆవిడ ఆగింది. "ఆ రోజు నువ్వూ అక్కడే ఉన్నావు కదా, బాబూ?" అంది.

నాన్న నవ్వలేదు. ఆవిడ పక్క క్వార్టరులోకి వెళ్ళిపోయింది.