పిచ్చమ్మ అరచేతిలో ఆరుద్ర పురుగు

ప్రేమదాసు మందు కొడితే పురుగన్నది మిగలదని ఊళ్లో పేరు. మిరపకైనా పత్తికైనా రైతులు ముందు అతని గుమ్మానికే వస్తారు. పేరుదేముంది లెండి, పంపు మోసి మోసి వీపు కాయలు కాసింది. ఒంటికి పట్టిన మందు వాసన మాత్రం ఏ సబ్బుకీ లొంగలేదు.

అతని తల్లి పిచ్చమ్మకి చూపు పోయి చాలా ఏళ్లయింది. ఆరుద్ర కార్తెలో వాన పడగానే నల్లరేగడిలోంచి మఖమల్ గుడ్డలాంటి ఎర్రటి ఆరుద్ర పురుగులు పైకొచ్చేవి. కొడుకు ఒకదాన్ని తెచ్చి ఆవిడ అరచేతిలో పెట్టేవాడు. ముట్టుకోగానే అది కాళ్లు ముడుచుకునేది. ఆవిడ కదలకుండా కూర్చుంటే, కాసేపటికి మెల్లగా నడిచేది. "అదిగో, వానలొచ్చాయిరా!" అని చిన్నపిల్లలా నవ్వేది. తర్వాత తర్వాత ప్రేమదాసుకి పనులెక్కువై ఆ ముచ్చటే మర్చిపోయాడు.

ఈ ఏడు ఆ ముచ్చటని మళ్లీ కదిపింది అతని కూతురు శాంతి. ఫోన్లో ఏదో చూసి, "నానమ్మా, జపాన్ వాళ్లకి ఐదేసి రోజులకో రుతువంట! కప్పలు పాట మొదలెట్టేదొకటి, వానపాములు పైకొచ్చేదొకటి" అంది.

"ఓసి పిచ్చిమొహమా, మనకి లేవనుకున్నావా? ఒరేయ్ దాసూ, రాత్రి వాన పడిందిగా, నా ఆరుద్ర పురుగేదిరా? వచ్చే ఏటికి నేనుంటానో లేదో!"

ప్రేమదాసు చేల వెంట పోయాడు. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా వంగి వంగి వెతికాడు. ఒక్కటంటే ఒక్కటి కనపడితే ఒట్టు. ఎలా కనపడుతుంది? ఏ చేను చూసినా తను కొట్టిందే, గట్టు మీద గడ్డిని కూడా వదిలిపెట్టలేదాయె! తన పనితనం చూసి మొదటిసారి అతనికి ఏడుపొచ్చింది.

ఉత్త చేతులతో అమ్మ దగ్గరికి ఎలా వెళ్లడం? ఇంటికొచ్చి చేతులు రుద్ది రుద్ది కడుక్కున్నాడు. శాంతి పాత జాకెట్టులోంచి ఎర్ర మఖమల్ ముక్క కత్తిరించి, చిన్న ఉండ చుట్టి, తల్లి అరచేతిలో పెట్టాడు. శాంతి అదంతా చూసింది.

పిచ్చమ్మ వేలితో నిమిరింది. "ఎంత మెత్తగా ఉందో నా తల్లి! ముడుచుకుందిరా. మాట్లాడకండి, ఇప్పుడు నడుస్తుంది."

అరచెయ్యి చాపుకుని కూర్చుంది. పక్కన పెట్టిన టీ చల్లారిపోయింది. చెయ్యి పీకుతున్నా దించలేదు.

"ఇటివ్వమ్మా, వదిలేసొస్తా" అన్నాడు ప్రేమదాసు.

"ఆగరా, కంగారెందుకు?"

పొద్దు వాలింది. ముసలమ్మ ముఖం చిన్నబోయింది.

"ఒరేయ్, చేతులు కడుక్కున్నావా అసలు? నీ మందు తగిలి చచ్చిపోయినట్టుందిరా, పాపం."

"కడుక్కున్నానమ్మా" అన్నాడు ప్రేమదాసు.