కాలరు కుట్టేంత సేపు

రోడ్డు వెడల్పు చేయడానికి ఆ వీధిని కూల్చినప్పుడు అధికారులు అన్నీ రాసుకున్నారు. ఇంటికి ఎన్ని గదులు, గదికి ఎందరు మనుషులు, కుళాయి ఉందా లేదా. కుక్కకు మాత్రం ఆ కాగితంలో గడి లేదు. అందుచేత గుండీ అనే కుక్క ఏ లెక్కలోనూ చేరకుండానే, మిషనమ్మ చంకలో ఇరుక్కుని, బదులుగా ఇచ్చిన కొత్త కాలనీలో మూడో అంతస్తు ఎక్కింది.

మిషనమ్మ ఒంటరి మనిషి. ఇరవై రెండేళ్లు ఆ వీధిలో ఒకే కిటికీ పక్కన కూర్చుని వచ్చినవాళ్లందరి బట్టలూ కుట్టింది. గుండీ పిల్లగా ఉన్నప్పుడు ఒక చొక్కా గుండీ మింగి, రెండు రోజులు ఆమెకు కంటి మీద కునుకు లేకుండా చేసింది. పేరు అలా వచ్చింది. ఆపైన ఆరేళ్లు మిషను కిందే దాని కాపురం. పొద్దున ఆమె మెడలో టేపు వేసుకుందంటే సాయంత్రం దాకా కుర్చీ కదలదని దానికి తెలుసు. టేపు తీసి మేకుకు తగిలిస్తే దారాలకో బొత్తాలకో బయటికెళ్తుంది, అరగంటలో వస్తుంది. అదీ తెలుసు.

కొత్త కాలనీలో ఇళ్లలో మిషను ఆడించకూడదట. గోడలు అదురుతాయట. గోడలు అంత పల్చగా కట్టినవాణ్ణి ఎవరూ అడగలేదు గానీ, మిషనమ్మకు మాత్రం నోటీసు ఇచ్చారు. ఆమె మిషనుకు దుప్పటి కప్పి బట్టల ఫ్యాక్టరీలో చేరింది. పోవడం రావడంతో కలిపి రోజుకు పది గంటలు.

మొదటి రోజే గుండీ తలుపు గీకి పెచ్చులూడగొట్టింది, చాపను చింపి పోగులు పెట్టింది, సాయంత్రం దాకా ఊళ పెట్టింది. కింది అంతస్తు వాచ్‌మన్‌ది రాత్రి డ్యూటీ, పగటి నిద్ర. కళ్లు చింతనిప్పుల్లా చేసుకుని మెట్ల మీద నిలబడ్డాడు.

"అక్కా, నీ కుక్క ఏడుస్తోందా, పాడుతోందా? ఏడుపైతే ఓదార్చు. పాటైతే రాత్రికి పెట్టుకోమను, నేను డ్యూటీలో ఉంటా."

"కొత్త చోటు కదా తమ్ముడూ, సర్దుకుంటుంది."

సర్దుకోలేదు. అప్పుడామెకు ఒక ఉపాయం తట్టింది. పొద్దున్నే మెడలో టేపు వేసుకుని కుర్చీలో కూర్చుంది. గుండీ నమ్మింది. ఆమె పాదాల మీద గడ్డం ఆనించి పడుకుంది. కన్ను మూతపడగానే చెప్పులు చేత్తో పట్టుకుని, పిల్లిలా జారుకుంది. నాలుగు రోజులు అదే నాటకం. ఐదో రోజు టేపు చూడగానే గుండీ వణికింది. అసలు పడుకోవడమే మానేసింది. ఆమె నీళ్లకు లేస్తే లేచింది, స్నానానికి వెళ్తే తలుపు బయట మూలిగింది.

కాలనీ సంఘం సెక్రటరీ కాగితం పట్టుకొచ్చాడు. "పదిహేను రోజులమ్మా. ఈలోగా కుక్క నోరైనా మూతపడాలి, కుక్కయినా పోవాలి. లేదంటే మునిసిపాలిటీ వాళ్లను పిలుస్తా."

ఆ సాయంత్రం ఆమె వాచ్‌మన్ గుమ్మంలో కూలబడి తన ఉపాయం సంగతంతా చెప్పుకుంది. అతను తల పట్టుకున్నాడు.

"ఎంత పని చేశావక్కా! నా గేటు దగ్గర లోపలివాళ్లు చెప్పి వెళ్తే నేను హాయిగా కునుకు తీస్తా. చెప్పకుండా జారుకున్నారనుకో, ఎవడు వెళ్లాడో ఎవడు దూరాడోనని తెల్లార్లూ నిలబడే ఉంటా. నీ కుక్కను కూడా వాచ్‌మన్‌ని చేసి కూర్చోబెట్టావు నువ్వు."

మర్నాడు ఆమె, గుండీకి ఒంటరిగా ఉండడం నేర్పాలని, ఫ్యాక్టరీ సూపర్‌వైజర్‌ను రెండు వారాలు సెలవడిగింది.

"కుక్కకు బాగాలేదని సెలవా? మనిషికి బాగాలేకపోతేనే ఇవ్వట్లేదిక్కడ."

చివరికి పూర్తి రోజు షిఫ్టు వదులుకుని మధ్యాహ్నం సగం షిఫ్టుకు మారింది. దానికి సెలవులూ ఉండవు, పని గ్యారంటీ కూడా ఉండదు. మూగజీవికి ధైర్యం చెప్పడానికి కావలసింది ప్రేమేనంటారు తీరిక ఉన్నవాళ్లు. కావలసింది తీరిక. అది మిషనమ్మ లాంటివాళ్లకు ఊరికే దొరకదు.

పొద్దుటి పూటలు శిక్షణ. టేపు మేకుకు తగిలించి, చెప్పులు చప్పుడయ్యేలా తొడుక్కుని, "వెళ్లొస్తా" అని చెప్పి మరీ తలుపు వేసేది. ఆమె దగ్గర గడియారం లేదు. కాలాన్ని కుట్టుతోనే కొలిచేది. మొదటి రోజు ఒక గుండీ కుట్టేంత సేపు బయట నిలబడింది. తర్వాత జేబు కుట్టేంత సేపు. గుండీ మూలగక ముందే లోపలికి రావాలి, వచ్చాక హడావిడి చేయకూడదు. ముద్దు చేయబోయి చేతులు వెనక్కి కట్టుకునేది. వెళ్లేటప్పుడు గుడ్డ పీలికల్లో రొట్టె ముక్కలు పెట్టి ముడులేసి పడేసేది. ముడి విప్పే పనిలో పడితే దానికి తలుపు కాసేపు గుర్తుండేది కాదు.

కాలరు దగ్గర వచ్చింది చిక్కు. కాలరంటే పావుగంట. మూడు రోజులు సగం కాలరుకే ఊళ లేచింది. ఆమె మళ్లీ జేబుకు దిగి, జేబు నుంచి ఎక్కింది. మధ్యాహ్నం ఆమె షిఫ్టుకు వెళ్లేటప్పుడు వాచ్‌మన్ తన చాప తెచ్చుకుని గుండీ పక్కనే పడుకునేవాడు. "ఎలాగూ నిద్ర లేదు, దీని గుర్రు వింటూ ఉంటా" అనేవాడు. పన్నెండో రోజుకు ఒక నిండు చొక్కా కుట్టేంత సేపు ఊళ లేకుండా గడిచింది.

పదిహేనో రోజు వాచ్‌మన్‌ను కూడా లోపల ఉంచకుండా, మిషనమ్మ గుండీకి చెప్పి, తలుపు వేసి బయటికొచ్చింది. సెక్రటరీ తలుపుకు చెవి ఆనించి నిలబడ్డాడు. వాచ్‌మన్ మెట్ల మీద కూర్చున్నాడు. పది నిమిషాలు. ఇరవై. లోపల గుడ్డ చింపుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు.

"కుక్క లోపలే ఉందా, ఎవరింట్లోనైనా దాచారా?" సెక్రటరీ అనుమానంగా తలుపు కొట్టాడు. లోపల రెండు మొరుగులు వినిపించాయి.

"అదిగో, అరిచింది!"

"తలుపు బాదితే మీరు మాత్రం అరవరా సార్?" అన్నాడు వాచ్‌మన్.

సెక్రటరీ ఇంకో అరగంట నిలబడ్డాడు. మళ్లీ మొరుగు లేదు. కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని దిగిపోయాడు.

మిషనమ్మ ఇంకా తలుపు దగ్గరే ఉంది.

"నేర్చుకోవాల్సింది అది నేర్చుకుంది. ఇక నువ్వు బయల్దేరక్కా, నన్ను పడుకోనీ."

ఆమె మెట్లు దిగింది. రెండో మలుపు దగ్గర ఆగి చెవి రిక్కించింది. పైనుంచి ఏ చప్పుడూ లేదు. ఇన్నాళ్లూ కోరుకున్నది అదే అయినా, ఆ క్షణాన ఆమె మనసు చివుక్కుమంది. షిఫ్టుకు వేళవుతోంది. మిగిలిన మెట్లు గబగబా దిగింది.