మరియమ్మ పండగకు మటన్ బిర్యానీ

ఆ రోజుల్లో అంటే తాతల కాలమేమీ కాదు, మొన్నమొన్నటి సంగతే. మా ఊరి చివర హూడి అనే పేటలో ఒక ఆఫీసు. లెబనాన్ దేశపు కంపెనీ ఒకదానికి కంప్యూటర్ కష్టాలు ఫోన్లో తీర్చడం మా పని. నేను చేరి మూడు నెలలు కావస్తోంది. "నలుగురినీ కలుపుకొని పోయేవాడు కావాలి నాకు. నిన్ను ఉంచాలో పంపాలో శుక్రవారం చెప్తా" అన్నాడు మేనేజరు. మేముండే నగర్తపేటలో మా అమ్మ అప్పటికే ఉద్యోగం ఖాయమైందని వీధంతా మైసూర్‌పాక్ పంచేసింది (ఖాయమైందని చెప్పింది నేనే).

ఇంతలో మార్చి ఇరవై ఐదున లెబనాన్‌వాళ్ళకు సెలవని తెలిసింది. బిడ్డ పుడతాడని దేవదూత మరియమ్మకు చెప్పిన రోజట. అక్కడ క్రైస్తవులూ ముస్లిములూ కలిసి చేసుకుంటారట. మా టీములో అందరూ భాయ్ అని పిలిచే అతను ముస్లిం, అక్క అని పిలిచే ఆవిడ క్రైస్తవురాలు, మిగతావాళ్ళం హిందువులం. నలుగురినీ కలపడానికి ఇంతకంటే అదను దొరకదనుకున్నాను. ఎవరికీ చెప్పకుండా ఎనిమిది మటన్ బిర్యానీలు తెప్పించి, మధ్యాహ్నం ఒంటిగంటకు బల్ల మీద పరిచి, "ఈ రోజు మీ ఇద్దరి పండగ!" అని ప్రకటించాను.

భాయ్ జాలిగా చూశాడు. "రంజాన్ నెల కదప్పా, రోజా ఉండాను. పొద్దు మునిగేదాకా నీళ్ళు కూడా ముట్టను." రంజానని నాకూ తెలుసు. పండగ పూట ఉపవాసం ఉండదనుకున్నాను (శివరాత్రి ఆ క్షణాన గుర్తుకు రాలేదు). ఆశగా అక్క వైపు తిరిగాను. "మాకు తపస్సు కాలమప్పా. ఈస్టర్ దాకా మాంసం వదిలేసినా" అంది. మిగతావాళ్ళు ఒక్క గొంతుతో "ఈ పొద్దు మంగళవారం కదప్పా!" అన్నారు. అప్పుడు గుర్తొచ్చింది, మంగళవారం నేనూ తినను.

సరిగ్గా అప్పుడే మేనేజరు వచ్చాడు. "ఎవరూ తినడం లేదే?" అక్క అందుకుంది. "సాయంత్రం భాయ్ రోజా విడిచేటప్పుడు అందరం కూడి కూర్చుంటాం సార్. ఈ అబ్బాయి ఐడియానే." ఆడిన అబద్ధానికి వెంటనే సిలువ గుర్తు వేసుకుంది.

"మరి ఒంటిగంటకే ఎందుకు తెప్పించావయ్యా?" అన్నాడు మేనేజరు. నేను బిర్యానీ డబ్బాలకు ఒక్కొక్కటిగా మూతలు పెట్టడం మొదలుపెట్టాను.

శుక్రవారం నన్ను పంపించేశారు. అమ్మకు ఏం చెప్పాలో తెలియక, బ్యాగు సర్దుతున్నట్టు నటిస్తూ గంటసేపు అక్కడే నిలబడ్డాను. కళ్ళు తడిశాయి, దాచను. లెబనాన్‌లో ఎవరికి సెలవో కనుక్కున్నవాణ్ణి, పక్క కుర్చీవాళ్ళు తింటారో లేదో ఒక్కమాట అడగలేదు. ఆ తెలివైనవాణ్ణి తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, జాలీ వేస్తుంది. ఆ రోజు అక్కే నా దగ్గరికొచ్చింది.

"ఈస్టర్‌కి మా ఇంటికి రాప్పా. ఆదివారమే. ఆ పొద్దు నువ్వు మాంసం తింటావంట కదా, కనుక్కున్నా."