ఈశ్వరి మెడ మీద గడ్డ

బొబ్బిలిలో మా వీధిలో ఒక మాట తిరుగుతోంది. ఈశ్వరి నోట్లో పుండును పరీక్షకని గిల్లి ముక్క తీశారట. కత్తి తగలగానే జబ్బు మెడకు పాకిందట. ఆసుపత్రికి లాక్కెళ్లిన కూతురు శ్రావణే తల్లిని చేతులారా చంపుకుంటోందట. కుళాయి దగ్గరా ఇదే, కిరాణా కొట్లోనూ ఇదే. ఇది తప్పు. నేను చదివింది ఐదో తరగతే కానీ, అడిగి తెలుసుకోనిదే నాకు అన్నం సయించదు.

ఈశ్వరి మా ఎదురింటి కోడలు. కాపురానికొచ్చిన ఏడాదే అత్తగారి దగ్గర అడ్డపొగ నేర్చుకుంది. అంటే, చుట్టను నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చడం. వానలో నాట్లు వేస్తున్నా అది ఆరేది కాదు. నోట్లో నిప్పుతోనే నవ్వేది, నాతో తగువాడేది.

“సుట్ట తీసి తిట్టవే, ఏటంటన్నావో తెలీటం నేదు” అంటే ఇంకో నాలుగు తగిలించేది.

మొగుడు అసిరయ్య పరంజా కడతాడు. గోడలకు పూత పూసేవాళ్లు నిలబడేందుకు వెదుర్లూ తాళ్లతో కట్టేది. ఆ పనిలో ఒక కట్టుబాటుంది. కట్టినవాడే విప్పాలి. ఏ ముడి ఎంత బరువు మోస్తోందో వాడికే తెలుసు కదా. అందుకే పరంజా దింపేదాకా అసిరయ్య పెళ్లికీ వెళ్లడు, చావుకీ వెళ్లడు.

శ్రావణి విశాఖలో ఎమ్మెస్సీ చదువుతోంది. నిరుడు సెలవులకొచ్చి తల్లి నోరు తెరిపించి చూసింది. అంగిట్లో పుండు. మర్నాడే బస్సెక్కించింది. ముక్క తీయించుకొచ్చిన కొన్నాళ్లకు మెడ మీద గడ్డ అందరి కంటా పడింది. అంతే, అసిరయ్య కూతురితో మాటలు మానేశాడు. తల్లి కన్ను మూసేలోపు తండ్రి ఒక్కసారి ‘అమ్మా’ అని పిలిస్తే చాలని ఆ పిల్ల ఇంట్లో పిల్లిలా తిరుగుతోంది.

ఒకరోజు శ్రావణి తల్లి కోసం గంజి వడకడుతుంటే అడిగేశాను.

“కోస్తేనే పాకిందంటన్నారు. నిజవేనేటే?”

“కాదత్తా. నాన్న కట్టీ పరంజా లాటివే కణం లోపల కూడా ఉంటాయి. అవీ ప్రోటీన్లే. మిగతా ప్రోటీన్లు వాటిని పట్టుకుని పక్కపక్కన నిలబడి, ఒకదానికొకటి కబురందించుకుంటాయి. కేన్సరు కణంలో కదలమన్న కబురు ఆగకుండా అందతాది. అప్పుడది కాలు సాపుతాది, అడ్డున్నదాన్ని కరిగించీసి పక్కకి దూరతాది. మెడదాకా వచ్చిందంటే ఎప్పుడో బయల్దేరుంటాది. ముక్క గిల్లితే వచ్చింది కాదు.”

“మరా పరంజా ఇప్పీలేరేటే?”

“అదే సూస్తన్నారత్తా. ఆ మందు అమ్మకి టయానికి అందదు.”

గంజి గిన్నె తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

వీధి అరుగు మీద తాళ్లు చుట్టుకుంటున్న అసిరయ్యకు ఇదంతా చెప్పాను.

“పరంజా గురించి నాకు సెప్తావేటక్కా? ఎదురుబొంగులకి కాళ్లొస్తాయేటి?” అని తాడు విసిరికొట్టాడు. “ముందు ఆ గెడ్డ నేదు. ఆలితో కాపురం సేసినోణ్ని, నాకు తెలీదా?”

ఇక చేసేదేమీ లేదని, ఇంటికి తీసుకెళ్లి కావలసింది పెట్టమని డాక్టర్లు పంపేశారు. కావలసింది పెట్టినా మింగలేదు. నిన్న వెళ్లేసరికి మెడ చుట్టూ కొంగు కప్పుకుని కూర్చుంది. చుట్ట లేని ఈశ్వరి మూతి నాకింకా కొత్తగానే ఉంది. అసిరయ్య పనిలోకి వెళ్లాడు. శ్రావణి వంటింట్లో ఉంది. ఇక నేరుగా అడిగేశాను.

“ఒసే ఈశ్వరీ, నువ్వు సెప్పు. ముక్క కొయ్యకముందు ఆ గెడ్డ నేదా?”

వంటింటి వైపు చూసింది. మాట ముద్దగా వస్తోంది. నేను చెవి దగ్గర పెట్టాను.

“ఉండీది వొదినా. సెనగ్గింజంత. ఆయనకే సూపించేను. పరంజా ఇప్పీసొచ్చేక ఎల్దుం అన్నాడు.”